చెరువుమన్నులో దాగిన కర్బనము

చెరువులో దిగి కాలితో బురద త్రొక్కినచో బుడగలు పైకివచ్చును. ఆ బుడగలలో నున్నదేమి? దీని నెరుంగుటకు ముందు పీట్ అను నేలను గూర్చి తెలిసికొనవలెను.

ఆకులు, వేళ్లు నీట మునిగి, గాలి తగులక, పూర్తిగా చివుకకుండ వేలయేండ్లు పేరుకొనుటచే ఏర్పడిన నల్లని నేలయే పీట్. భూతలమున ఇది నూటికి మూడుపాళ్లు మాత్రమే. అయినను లోకమునందలి అడవుల చెట్లన్నిటికంటె ఎక్కువ కర్బనము దీనియందున్నది. నీలగిరుల పల్లములలో 20,000 ఏండ్లకు పైబడిన పీట్ పొరలు కలవు. నీటిని తీసివేసినచో గాలి చొచ్చి, ఆ కర్బనము బొగ్గుపులుసు వాయువై పోవును. ఇండోనేషియాలో కాలువలు త్రవ్వి ఎండగట్టిన పీట్ నేలలు 1997, 2015 సంవత్సరములలో తగులబడి పొరుగుదేశములను సైతము పొగతో ముంచినవి.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు మెట్టసీమలు. పీట్‌కు దూరపు చుట్టము మాత్రము మనకు కలదు, అది చెరువుమన్ను. వాననీటితో పొలముల సారము, ఎరువు, ఆకు కొట్టుకొనివచ్చి చెరువడుగున చేరును. అచ్చట కొంత కర్బనము నిలువయుండును. కొంత సూక్ష్మజీవులవలన మీథేను వాయువగును. మన బుడగలలో నున్నది ముఖ్యముగా నిదియే. నూరేండ్ల లెక్కలో మీథేను, అంతే తూకముగల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 27 రెట్లు భూమిని వేడిచేయును. మురుగు చేరి గుర్రపుడెక్క పెరిగి కుళ్లినచో మీథేను హెచ్చును. బెంగుళూరునందు శుద్ధిచేసిన నీరు హెబ్బాళ–నాగవార పథకము ద్వారా మన జిల్లా చెరువులకు వచ్చుచున్నది. కనుక చెరువు నిండినదా యనియే గాక, ఎట్టి నీటితో నిండినదనియు చూడవలెను.

మీథేనును పట్టి వాడుకొనిన దృష్టాంతమును మనయొద్దనే కలదు. 2005లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు క్రింద నమోదైన బాగేపల్లి పథకము 5,500 పేడగ్యాసు తొట్లకు ఉద్దేశింపబడినది. గాలిలేని తొట్టిలో పేడ పులిసి వెడలు మీథేనే పొయ్యిలో మండును. కట్టెలు, కిరసనాయిలు మిగులును. తొట్టిలోని పేడనీరు పొలమునకు ఎరువగును.

ఇక తీసిన పూడిక ఎచ్చటికి పోవలెను? ఇటుకబట్టీకి పోయినచో అందలి కర్బనము నిప్పులో కాలిపోవును. పొలమునకు తోలినచో కొంత పోయినను, కొంత బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని నిలుచును. ఎర్రనేల తేమను పట్టును. పైరు ఏపుగా పెరిగి, దాని వేళ్లు మరల కర్బనమును చేర్చును. మురుగు చేరిన చెరువుమన్నును మాత్రము పరీక్ష చేయించియే తోలవలెను.

నాయొద్ద తెలుగు చదువుకొను పిల్లలలో పెక్కుమంది యిండ్లకు మెట్టపొలమే ఆధారము. వేసవిలో బండ్లు కట్టి చెరువుమన్ను తోలిన మన పెద్దలు కర్బనము పేరెరుగరు; చెరువుకు కొట్టుకొనిపోయిన సారమును మరల పొలమునకు చేర్చుట మాత్రమెరుగుదురు. నేడు పూడికతీత యంత్రము ఊరిలోనికి రాకముందే, ఆ మన్ను బట్టీకా, పొలమునకా యని గ్రామసభలో నిర్ణయించుకొనుట మన విధి.