తుపాకికి నచ్చిన తూటా

హైదరాబాదులో మా మేనకోడలు రైఫిలు పోటీలకు వెడుతున్నది. మొన్న నేను వెళ్లేసరికి, చిన్న త్రాసు ముందు పెట్టుకొని ఒక్కొక్క తూటానే తూచుతున్నది.

"ఏమే, బంగారమా?" అన్నాను.

"అంతకంటె ఎక్కువే మామయ్యా! ఎంపిక పోటీ పదిరోజులలో ఉంది," అన్నది.

పాయింట్ ఇరవైరెండు తూటాలో సీసపు గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. 50 మీటర్ల దూరాన పది మార్కుల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు; అంటే చిటికెనవేలి గోరంత! మందు రవంత హెచ్చుతగ్గయినా గురి తప్పుతుంది. పోనీ విప్పి సరిచేసుకుందామంటే ఈ రకానికి ఆ వీలు లేదు.

మర్నాడు నన్నూ వెంటబెట్టుకుపోయింది. రైఫిలును ఇనుప పట్టులో బిగించి, ఒకే కంపెనీ తూటాలు రెండు బ్యాచీలవి పదేసి కాల్చారు. రాత్రంతా తూచినవి చెల్లాచెదరైనాయి! తూచనివి ఒకే కన్నంలో దూరినట్లు పోయినాయి. పక్క కుర్రవాడి రైఫిలులో సరిగ్గా తారుమారు. ఏ గొట్టానికి ఏ బ్యాచీ పొసగుతుందో కాల్చి చూస్తేగాని తెలియదట. నాకు పెళ్లిసంబంధాలు గుర్తుకొచ్చినాయి గాని, పైకి అనలేదు.

బ్యాచీ అంకె చెప్పి విచారిస్తే ఆరు పెట్టెలే మిగిలాయన్నారు. పెట్టెకు 50. పోటీకి 60 గుండ్లు కావాలి. ఆరూ తెచ్చి తాళం వేసింది. సాధనకు మాత్రం, పాపం, ఆ తూచినవే!