చత్వారం: కళ్లజోడు ఇస్తే సరిపోదు, వాడకం నేర్పాలి

సెల్‌ఫోన్‌ను చేయి చాచి చదవడం, సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలవడం... నలభై దాటిన చాలామందికి ఇవి అనుభవమే. ఇదే చత్వారం. పేరులోనే వయసు ఉంది: సంస్కృతంలో ‘చత్వారింశత్’ అంటే నలభై.

ఇది జబ్బు కాదు. కంట్లోని కటకం దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బి చూపును సర్దుతుంది. వయసుతో అది గట్టిపడి, ఆ శక్తి తగ్గుతుంది. ‘అద్దాలు పెడితే పవర్ పెరుగుతుంది’ అన్న భయం వల్ల చాలామంది వాయిదా వేస్తారు. నిజానికి పవర్ పెరిగేది అద్దాల వల్ల కాదు, వయసు వల్ల. అరవై, అరవై అయిదు దాటాక ఆ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది.

వాయిదాకు మూల్యం ఉంది. అస్సాంలో 751 మంది తేయాకు కార్మికులపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చిన వారిలో ఆకు కోత, ఇవ్వని వారితో పోలిస్తే సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. బంగ్లాదేశ్‌లో 2024లో వెలువడిన మరో అధ్యయనంలో, అద్దాలు అందుకున్న శ్రామికుల ఆదాయం దాదాపు మూడో వంతు పెరిగింది.

అయితే కళ్లజోడు బీరువాలో పడి ఉంటే ఫలితం లేదు. అందుకే పరీక్ష చేసేవారు ముందు అడగాల్సింది ‘ఏం పని చేస్తారు?’ అని. పత్రిక చదివే దూరం, కంప్యూటర్ తెర దూరం, కంసాలి పని దూరం ఒకటి కావు. ఒకే పవర్ అన్నింటికీ కుదరదు. చదివే అద్దాలతో దూరం మసకగా కనిపించడం లోపం కాదని ముందే చెప్పాలి. లేకపోతే ‘అద్దాలు పడలేదు’ అని పక్కన పెట్టేస్తారు.

బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలకు మరికొంత ఓపిక కావాలి. మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూస్తే మెట్టు మసకబారి, పడిపోయే ప్రమాదం ఉంది. గడ్డం దించి పై భాగంలోంచి చూడాలి. ప్రోగ్రెసివ్ అద్దాల్లో పక్కకు చూడాలంటే కళ్లు కాదు, తల తిప్పాలి. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో అలవాటవుతుంది. అప్పటికీ తలనొప్పి, తూలు తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి.

రోడ్డు పక్కన కొన్న అద్దాలు అక్షరాలను చూపిస్తాయేమో కానీ, కంటి జబ్బులను పట్టలేవు. గ్లకోమా, మధుమేహం వల్ల రెటీనాకు జరిగే నష్టం మొదట్లో ఏ బాధా కలిగించకుండానే ముదురుతాయి. చత్వారం కోసం చేయించుకునే పూర్తి కంటి పరీక్షలో అవి బయటపడితే, పోయే చూపును నిలబెట్టుకునే వీలుంటుంది.