తక్కువ ఖర్చుతో గేమింగ్ కంప్యూటరు కూర్పు

ఆటలు ఆడుటకు అనువైన కంప్యూటరును సిద్ధంగా కొనక, విడిభాగాలు తెచ్చి ఎవరికి వారు అమర్చుకొనుటను గేమింగ్ కంప్యూటరు కూర్పు అంటారు. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్.ఎస్.డి., విద్యుత్తును అందించే ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్ ఇందులో తప్పనిసరి భాగాలు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థులు వీటి కొరకు సాధారణంగా సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళతారు. రెండు పట్టణాల నుండీ ఇది సుమారు 100 కిలోమీటర్లు. పొసగని భాగం తెచ్చుకొంటే మరొక రోజు, మరొక ప్రయాణపు ఖర్చు.

గ్రాఫిక్స్

ఖర్చులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుదే. మొదట దానిని మానుకొని, తరువాత చేర్చుకొనుట మంచి పద్ధతి. 2021లో వచ్చిన ఎ.ఎం.డి. రైజెన్ 5 5600జి వంటి ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. వాలరెంట్ వంటి తేలికైన ఆటలకు ఇది చాలును. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అక్షరముంటే (ఉదా: కోర్ ఐ3-12100ఎఫ్) లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ధర తక్కువని దానిని కొంటే కార్డు లేకుండా తెరపై ఏమీ కనిపించదు.

లోపలి గ్రాఫిక్స్‌కు విడి మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకొంటుంది. కనుక ఒక 16 జీబీ పలక కంటే రెండు 8 జీబీ పలకలు మేలు. రెండు దారుల్లో సమాచారం నడిచి ఆట వేగం స్పష్టంగా పెరుగుతుంది.

2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగ్ విధానాన్ని విడిచిపెట్టిన తరువాత, ఆ పనికి వాడిన కార్డులు పాత సరుకుగా ఎన్నో అమ్మకానికి వచ్చాయి. అటువంటి కార్డును ఆట నడిపించి చూడనిదే కొనరాదు. పాత నిల్వలోని బి450 మదర్‌బోర్డు కొంటే, 5000 వరుస ప్రాసెసరుకు తగిన బయాస్ వేయించుకొని, దుకాణంలోనే ఒకసారి ఆన్ చేయించి తెచ్చుకోవాలి.

విద్యుత్తు, ఎర్తింగ్

డబ్బు చాలనప్పుడు చాలామంది ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర తగ్గించుకొంటారు. తగ్గించకూడనిది అదే, అది చెడితే మిగిలిన భాగాలను కూడా పాడుచేయవచ్చు. ఇంటి సరఫరా 230 వోల్టులైనా, బోరు మోటార్లు ఒక్కసారిగా నడిచే వేళల్లో పల్లెల్లో వోల్టేజి పడిపోతుంది. వోల్టేజిని సరిచేసే లైన్ ఇంటరాక్టివ్ యు.పి.ఎస్. ఇందుకు ఉపయోగపడుతుంది. 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్ల వరకే మోయగలదు.

గోడ ప్లగ్గులో మూడవ రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్లు కాదు. ఎస్.ఎం.పి.ఎస్. లోపలి ఫిల్టరు కెపాసిటర్లు క్యాబినెట్ రేకుకు కలిసి ఉంటాయి. ఎర్తింగ్ లేకుంటే ఆ రేకుపై సరఫరాలో సుమారు సగం వోల్టేజి నిలుస్తుంది. కరెంటు స్వల్పం కనుక ముట్టుకొంటే జివ్వుమంటుంది, అంతే. కానీ లోపల తీగ తెగి రేకుకు తగిలితే ప్రాణాపాయం. ఈ జిల్లాల చల్క నేలల్లో, కింద రాయి ఉన్న చోట తేమ నిలువదు. ఉప్పు, బొగ్గు నింపిన ఎర్తింగ్ గొయ్యిలో వేసవిలో అప్పుడప్పుడు నీళ్ళు పోయవలెను.

వేడి

ఎస్.ఎం.పి.ఎస్.లపై ఉండే 80 ప్లస్ ముద్రకు పరీక్ష 23 డిగ్రీల గదిలో జరుగుతుంది. నల్గొండ వేసవి 40 డిగ్రీలు దాటుతుంది కనుక అవసరానికంటే కొంత ఎక్కువ వాట్లది ఎంచుకోవాలి. క్యాబినెట్‌లో ముందు ఫ్యాను గాలిని లోపలికి తీసుకొని, వెనుక ఫ్యాను బయటికి పంపేలా బిగించాలి. ఎర్ర దుమ్ము త్వరగా పేరుకొంటుంది. దాని జాలీని తరచుగా తుడవాలి.