పెరుగుదల పర్యవేక్షణ పట్టిక

పెరుగుదల పర్యవేక్షణ పట్టిక అనగా ఐదేళ్ళ లోపు బిడ్డను క్రమం తప్పక తూచి, ఆ బరువును వయసుకు ఎదురుగా చుక్కపెట్టి నమోదు చేసే పత్రం. దీనిని గ్రోత్ చార్టు అని కూడా అంటారు. చుక్కలను కలుపగా ఏర్పడే గీత బిడ్డ ఎదుగుదల తీరును తెలుపుతుంది. భారతదేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐ.సి.డి.ఎస్.) క్రింద నడిచే అంగన్‌వాడీ కేంద్రాలలో దీనిని వాడుతారు.

చరిత్ర

బ్రిటిషు శిశువైద్యుడు డేవిడ్ మోర్లీ నైజీరియాలోని ఇమెసీ గ్రామంలో పనిచేసిన అనుభవంతో ఇటువంటి పట్టికను రూపొందించి ప్రచారంలోకి తెచ్చాడు. అందులోని విశేషం, పట్టిక ఆసుపత్రి బీరువాలో కాక తల్లి వద్దనే ఉండడం. భారతదేశంలో ఐ.సి.డి.ఎస్. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో కొత్త ప్రమాణాలను ప్రకటించింది. వీటికి ఆధారమైన అధ్యయనం భారతదేశంతో సహా ఆరు దేశాలలో జరిగింది. 2008లో భారత ప్రభుత్వం వీటిని స్వీకరించింది. కొలబద్ద మారినందున పాత, కొత్త ప్రమాణాల లెక్కలను నేరుగా పోల్చరాదు. పోల్చితే, పిల్లల స్థితిలో లేని మార్పు కాగితం మీద కనబడుతుంది.

గీతను చదివే విధానం

మగపిల్లలకు, ఆడపిల్లలకు వేర్వేరు పట్టికలు ఉన్నాయి. ఆకుపచ్చ భాగం సాధారణ బరువును, పసుపు తక్కువ బరువును, నారింజ రంగు అతి తక్కువ బరువును సూచిస్తాయి. అయితే చుక్క ఏ రంగులో ఉన్నది అనేదానికన్నా గీత ఎటు పోతున్నది అనేది ముఖ్యం. ఉదాహరణకు తొమ్మిదో నెలలో 8 కిలోలున్న బిడ్డ పదకొండో నెలలోనూ 8 కిలోలే తూగితే, చుక్క ఇంకా ఆకుపచ్చలోనే ఉంటుంది. నెలవారీ నివేదికలో ఆ బిడ్డ "సాధారణం" క్రిందనే లెక్కకు వస్తుంది. కాని గీత అడ్డంగా సాగినదంటే విరేచనాలో, జ్వరమో, తల్లిపాలతో పాటు పెట్టవలసిన అదనపు ఆహారం చాలకపోవడమో జరిగి ఉండవచ్చు. తల్లితో మాట్లాడవలసిన సమయం అదే. బిడ్డ పసుపులోకి జారేవరకు ఆగితే ఆలస్యమే.

తప్పులు ఎక్కడ వస్తాయి?

వేలాడే తక్కెడ ముల్లును సున్నా వద్దకు సరిచేయకపోవడం, బరువైన దుస్తులతో తూచడం, పోయిన నెల అంకెనే తిరిగి వ్రాయడం తరచుగా జరిగే పొరపాట్లు. పుట్టిన తేదీ తెలియనప్పుడు సంక్రాంతికి ముందా, ఉగాది తరువాతా అని అడిగి వయసును నిర్ణయిస్తారు. వయసు రెండు నెలలు తప్పినా చుక్క వేరే రంగులో పడవచ్చు.

అంతకన్నా పెద్ద లోపం, సమాచారం పైకి మాత్రమే ప్రయాణించడం. అంకెలు కేంద్రం నుండి సెక్టారుకు, ప్రాజెక్టుకు, జిల్లాకు చేరుతాయి. తూచిన బిడ్డ తల్లికి మాత్రం గీత చూపించేవారు ఉండరు. తక్కువ బరువు పిల్లల సంఖ్య పెరిగితే సంజాయిషీ అడిగే చోట, కార్యకర్త చుక్కను కొంచెం పైకి పెట్టడానికి ప్రలోభపడడంలో ఆశ్చర్యం లేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ, ప్రపంచ బ్యాంకు సహాయంతో 1980లో ప్రారంభమైన తమిళనాడు సమగ్ర పోషకాహార ప్రాజెక్టు. ఇందులో 6 నుండి 36 నెలల పిల్లలను నెలనెలా తూచి, బరువు తగినంత పెరగనివారిని, తీవ్ర పోషకాహార లోపమున్నవారిని అదనపు ఆహారానికి ఎంపిక చేసేవారు. కోలుకున్న తరువాత ఆపేవారు. గ్రామంలో వ్రాసిన అంకె గ్రామంలోనే నిర్ణయంగా మారేది.

ప్రస్తుత పద్ధతి

2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ అనే మొబైల్ అప్లికేషన్‌లో కార్యకర్తలు బరువుతో పాటు ఎత్తు కూడా నమోదు చేస్తారు. బిడ్డ ఏ స్థాయిలో ఉన్నదీ అదే లెక్కకడుతుంది. తల్లుల వద్ద ఉండే తల్లీబిడ్డల రక్షణ కార్డులోనూ పెరుగుదల పట్టిక ముద్రించి ఉంటుంది.