పత్తర్‌గట్టి అంగడిలో ఒక ఇటాలియన్ క్రియ

చార్మినారు వద్దనుండి గుల్జార్ హౌజ్ దాటి మదీనా భవనము వైపు నడచువారికి బాట కిరుప్రక్కల రాతి కమానుల వరుస కానవచ్చును. అదియే పత్తర్‌గట్టి. 1908లో మూసీ వరద నగరమును ముంచివేసిన పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. ఈ కట్టడములు ఆ మండలి కట్టించినవి. క్రింద అంగడులు, పైన నివాసములు. బట్టలు, ముత్యములు, అత్తరులు ఇచ్చటి ప్రధానమైన సరకులు.

పెండ్లిబట్టలకై మేము పోయిన యొక అంగడిలో యజమానిగారి కుమారుడు గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండి, నోటుపుస్తకము ఒడిలో నుంచుకొని పెదవులు కదల్చుచుండెను. విచారింపగా, అతడు చదువు నిమిత్తము ఇటలీలోని మిలాను నగరమునకు పోనున్నాడని తెలిసినది. పుస్తకములో ఒకే క్రియకు పుటనిండ రూపములు. ఆ క్రియ 'కొంప్రారె', అనగా కొనుట. అంగడిలో పుట్టి పెరిగిన పిల్లవానికి తగిన క్రియయే!

"ఎక్కాలోలె బట్టీ పడుతున్న సార్, రెండ్రోజులకు మల్ల మర్చిపోతున్న. ఒక్క కొనుడుకు యాభై మాటలెందుకు?" అని అతడడిగెను. పరుపుపై కూర్చుండి అప్పుడు మేము చెప్పినదానిని కొంత విస్తరించి మన శ్రోతలకై ఇచట వ్రాయుచున్నాము.

మొదట చెప్పవలసినది, అవి యాభై మాటలు కావు. ఒకే మాటకు యాభై తోకలు. 'కొంప్ర్' అనునది ధాతువు. తెలుగువారికి అందులో 'కొంప' వినబడును గాని, దానికిని దీనికిని చుట్టరికము లేదు. ఇటాలియన్ క్రియలు తోకనుబట్టి ఆరె, ఎరె, ఇరె అని మూడు తెగలు. మొదటి తెగ అన్నిటికంటె పెద్దది. క్రొత్తగా భాషలో చేరు క్రియలును సాధారణముగా ఈ తెగలోనే చేరును. టెలిఫోను చేయుట వారికి 'తెలెఫొనారె'. మనకును ఇట్టి ద్వారమొకటి కలదు. పత్తర్‌గట్టి వంటి బజారులలో విన్న ఉర్దూ క్రియలకు మనము 'ఇంచు' చేర్చి బనాయించు, దబాయించు, బదలాయించు అని సొంతము చేసికొంటిమి. ఆ తరువాత అవి భావించు, ప్రేమించు అనువానితో సమానముగా తెలుగు క్రియలవలెనే నడచును.

వర్తమానమున ఆరు రూపములు: కొంప్రొ, కొంప్రి, కొంప్ర, కొంప్రియామొ, కొంప్రాతె, కొంప్రనొ. నేను, నీవు, అతడు లేక ఆమె, మేము, మీరు, వారు అను క్రమమున వీనిని చదువుకొనవలెను. ఇందు సర్వనామముతో పనిలేదు. 'కొంప్రొ' అన్నచో కొనువాడు నేనే యని తోక చెప్పుచున్నది. మన 'కొందును, కొందువు, కొందుము, కొందురు' చూడుడు. ఇచటను పని యొకటే. ఆంగ్లమున 'బై' అను రూపము నేను, నీవు, మేము, మీరు, వారు అను ఐదింటికిని ఒక్కటే యగుటచే సర్వనామమును విడుచుటకు వీలులేదు. ఆంగ్లము మీదుగా ఇటాలియన్ నేర్చు మనవారు ప్రతి వాక్యమునకును ముందు 'ఇయొ, ఇయొ' (నేను, నేను) అని తగిలించుటకు కారణ మిదియే. అట్లు పలికినచో వినువారికి 'నేనే కొనుచున్నాను, మరియొకడు కాడు' అని నొక్కి చెప్పినట్లుండును. తెలుగు మీదుగా నేర్చినచో ఈ తప్పు రాదు. తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అని పొగడుట వాడుక. ఆ పొగడ్త మాటల చివరి అచ్చులను గూర్చినది. మాకు మాత్రము నేర్చువానికి అంతకంటె అక్కరకు వచ్చు పోలిక ఈ తోకలలోనే కనబడుచున్నది.

ఒక చిక్కు చెవికి సంబంధించినది. 'కొంప్రొ' అని మొదటి అక్షరముపై ఊనిక నుంచిన 'నేను కొనుచున్నాను'. చివరి అక్షరముపై ఊది 'కొంప్రో' అన్నచో 'అతడు కొనెను'. ఊనిక మారినంతనే మనిషియు మారెను, కాలమును మారెను! ఆరవ రూపమైన 'కొంప్రనొ'లో మొదటి అక్షరమునే ఊదవలెను. మనవారు మొదటినుండియు దానిని 'కొంప్రానొ' అని సాగదీయుదురు. పుస్తకములో ఈ ఊనికకు సాధారణముగా గుర్తు వేయరు. కావున రూపములను కంటితో కాక నోటితో నేర్వవలెను.

భూతకాలమున మూడు ముఖ్యములు. 'కొంప్రావొ' అనగా కొనుచుంటిని, కొనుచుండెడివాడను. ఎడతెగక సాగినదియు, అలవాటుగా జరిగినదియు. 'కొంప్రాయి' అనగా కొంటిని, జరిగి ముగిసినది. 'ఒ కొంప్రాతొ' అనునది రెండు మాటల రూపము. 'కొనబడినదానిని కలిగియున్నాను' అని దాని నిర్మాణము, 'కొన్నాను' అని వాడుక. కడపటి రెండింటి నడుమ అర్థభేదముకంటె ప్రాంతభేదము మెండు. ఉత్తర ఇటలీలో నోటి మాటయందు 'కొంప్రాయి' వంటివి అరుదు. దక్షిణమున నేటికిని వినబడును. ఇందులో వింతయేమి? 'పోతిని, పోతిమి' వంటి రూపములు కోస్తా చదువరికి పుస్తకపు మాటలు. రాయలసీమలోను తెలంగాణములోను అవి వీధిలో బ్రతికియున్నవి. మిలానునకు పోవువాడు 'ఒ కొంప్రాతొ'ను నాలుక చివర నుంచుకొని, 'కొంప్రాయి'ని చదివి గుర్తుపట్టగలిగిన చాలును.

భవిష్యత్తు 'కొంప్రెరో'. దీని పుట్టుక తెలిసినవానికి మరపు రాదు. లాటిన్‌నుండి దిగివచ్చిన జనభాషలో 'కొనుటకు కలదు' అను తీరున మూలక్రియకు 'కలిగియుండు' అను క్రియను చేర్చి పలుకుచుండిరి. కాలక్రమమున ఆ రెండును అతుకుకొని ఒకటైనవి. మన 'కొనుచు', 'ఉన్నాను' అనునవి కలిసి 'కొంటున్నాను' అయినట్లే. ఆ సహాయక్రియయొక్క భూతరూపమును చేర్చగా పుట్టినది నియమార్థకము: 'కొంప్రెరేయి', అనగా 'వీలున్నచో కొందును'. 'ఆయన కొనినచో నేనును కొందును' అని మనము చేదర్థకముతో చెప్పుదానిని వారు 'సె లుయి కొంప్రాస్సె, కొంప్రెరేయి' అని చెప్పుదురు. షరతుకొక తోక, ఫలితమునకొక తోక.

ఇక మన పిల్లవాడు నిజముగా తడబడిన చోటు సంశయార్థకము. 'అతడు కొనునని యెరుగుదును' అనుటకు 'సొ కె కొంప్ర'. 'అతడు కొనునని తలచుచున్నాను' అనుటకు 'పేన్సొ కె కొంప్రి'. ఎరుక అయినచో 'కొంప్ర', ఊహ అయినచో 'కొంప్రి'. కోరిక, భయము, సందేహము, ఇవన్నియు ఈ రెండవ రూపమునే కోరును. ఏకవచనమున నేను, నీవు, అతడు మూడింటికిని రూపము 'కొంప్రి'యే యగుటచే, ఇచట మాత్రము సర్వనామమును పిలుచుకొనక తప్పదు. తెలుగున క్రియ మారదు. రెండు వాక్యములలోను 'కొనును' అట్లే నిలిచి, 'అని' అను చిన్నమాట దానిని ఎదుటివాని మనస్సులోనికి మోసికొనిపోవుచున్నది. ఈ 'అని' యెంత బలమైనదో తెలియవలెనన్నచో పత్తర్‌గట్టి కాలిబాటపై కొంతసేపు నిలిచిన చాలును. దక్కనీలో 'ఆతూఁ బోల్కే బోలా' అందురు. 'వస్తానని చెప్పెను' అని అర్థము. 'బోల్కే' అనగా అక్షరాల 'అని'. తెలుగువారితో కలిసి బ్రతికిన దక్కనీ ఆ నడకను ఇట్లు తనదిగా చేసికొన్నది. ఇటాలియన్‌కు అట్టి పొరుగు లేదు. సందేహభారమును క్రియయే మోయవలసివచ్చెను.

ఈ రూపమునకు ఇంకొక గొప్ప ఉద్యోగము కలదు. అది మర్యాద. ఇటాలియన్‌లో చనువున్నవానిని 'తు' అనియు, పెద్దవానిని, పరిచయము లేనివానిని 'లేఇ' అనియు సంబోధింతురు. 'లేఇ' అనగా మూలమున 'ఆమె'. ఏలినవారు, శ్రీవారు అని ప్రథమపురుషలో గౌరవించుట మనమెరిగినదే కదా. 1938లో ఫాసిస్టు ప్రభుత్వము ఈ 'లేఇ'ని వెళ్లగొట్టి, బహువచనమైన 'వొయి'ని ప్రజల నోట నాటవలెనని చూచినది. మన 'మీరు' వంటి ఆ 'వొయి' దక్షిణమున కొన్నిచోట్ల నేటికిని ఉన్నది గాని, ఆజ్ఞ ఇచ్చిన ప్రభుత్వము పోయినది, 'లేఇ' నిలిచినది.

ఆజ్ఞాపించునపుడు చనువువానితో 'కొంప్ర' (కొను) అని, పెద్దవానితో సంశయార్థకమునుండి తెచ్చిన 'కొంప్రి' (కొనుడు) అని చెప్పవలెను. ఇచట జాగ్రత్త! వర్తమానమున 'కొంప్రి' నీవు, 'కొంప్ర' తమరు. విధిలో 'కొంప్ర' నీవు, 'కొంప్రి' తమరు. రెండు అచ్చులు చోట్లు మార్చుకొన్నవి. ఇంటి యజమానురాలితో 'కొంప్ర' అని తొందరలో అన్నచో, మన అంగడిలో పెద్దముత్తైదువతో 'తీసుకోవే' అన్నట్లే యగును. పరదేశివాడని ఆమె మన్నించునేమో గాని, అన్నవానికి చెవులు కాలును.

వలదని చెప్పునపుడు ఇంకొక పోలిక తలవని తలంపుగా ఎదురగును. చనువువానితో 'నొన్ కొంప్రారె' అందురు. అనగా మూలక్రియకు ముందు నిషేధము. మన 'కొనవద్దు' కూడ 'కొన' అను తుమున్నర్థకమునకు 'వద్దు' చేర్చినదే. తక్కినచోట్ల వారు అన్ని రూపములకును ముందు 'నొన్' తగిలించి ఊరుకొందురు. కొనను, కొనవు, కొనడు, కొనము, కొనరు అని లేమిని క్రియ కడుపులోనే దాచుకొను విద్య వారికి లేదు. ఈ మాట విని మా విద్యార్థి మొదటిసారి నవ్వెను.

ఇంతలో ఒక కుటుంబము లోపలికి వచ్చెను. అతడు పుస్తకము మూసి, "రండమ్మా, కూర్చోండి" అని లేచెను. చీరలు పరచుచునే ఆరు రూపములను మెల్లగా అప్పగించెను. ఆరవదానిని మరల 'కొంప్రానొ' అనియే పలుకగా, మేమును మరల దిద్దితిమి.