పొట్టి పంప్ షాట్‌గన్: ఇంటికి పనికొస్తుందా, చూడ్డానికే బాగుంటుందా?

అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఇంటి భద్రత మీద చర్చ ఎక్కువైంది. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకూ తెలిసిపోయింది. పెళ్లికో, గుడికో, ఇండియాకో వెళ్లిన సమయం చూసి దోచుకుంటున్నారు. కెమెరాలు, అలారంల మాట అయ్యాక ఎవరో ఒకరు తుపాకీ ప్రస్తావన తెస్తారు. వెంటనే ఇంకొకరు ఒక ఫొటో పెడతారు: చేతి సంచిలో పట్టేంత పొట్టిగా, సినిమాలో విలన్ పట్టుకున్నట్టుండే పంప్ షాట్‌గన్. "ఇది చాలు, గురి కూడా చూడక్కర్లేదు, స్పెషల్ పర్మిషన్ కూడా అక్కర్లేదు" అని కింద ఒక మాట.

ఆ మాటలో సగమే నిజం. కొనాలా వద్దా అన్నది ఎవరి కుటుంబం వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. కానీ ఆ వస్తువు ఏమిటో, మన వీసా పరిస్థితికి అది ఎలా తగులుతుందో తెలియకుండా మాత్రం షాపు మెట్లెక్కకూడదు.

అసలు ఏమిటీ పొట్టి తుపాకీ?

పంప్ షాట్‌గన్ అంటే బ్యారెల్ కింద ఉన్న పట్టును వెనక్కి, ముందుకు జరిపితే కాలిన తూటా బయట పడి కొత్తది లోపలికి వెళ్లే తుపాకీ. మామూలుగా దీనికి భుజానికి ఆనించుకునే పొడుగాటి మడమ ఉంటుంది. 2017లో మాస్‌బర్గ్ కంపెనీ 590 షాక్‌వేవ్ అనే మోడల్ తెచ్చింది. బ్యారెల్ 14 అంగుళాలే. మడమ ఉండాల్సిన చోట పక్షి తలలా వంగిన చిన్న పిడి ఉంటుంది. మొత్తం పొడవు 26 అంగుళాల కన్నా కొంచెం ఎక్కువ, బరువు సుమారు 5 పౌండ్లు. అదే ఏడాది రెమింగ్టన్ కూడా టాక్-14 పేరుతో ఇలాంటిదే తెచ్చింది.

ఇలాంటి ఆలోచన కొత్తదేమీ కాదు. 1920లలోనే ఇథాకా కంపెనీ 'ఆటో అండ్ బర్గలర్' అనే పొట్టి రెండు గొట్టాల తుపాకీ అమ్మింది. కారులోనూ ఇంట్లోనూ దొంగల కోసం అన్నది పేరులోనే ఉంది. 1934లో కొత్త చట్టం వచ్చాక దాని తయారీ ఆగిపోయింది.

చట్టం సందులోంచి పుట్టిన కొలత

1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాల కన్నా తక్కువ ఉంటే అది ప్రత్యేకంగా రిజిస్టర్ చేయాల్సిన ఆయుధం. గ్యాంగ్‌స్టర్ల కాలంలో పుట్టిన చట్టం ఇది. బిల్లు మొదటి రూపంలో పిస్టళ్లను కూడా ఈ కట్టడిలోకి తేవాలనుకున్నారు. పొడుగు తుపాకులను కోసి పిస్టల్‌లా దాచుకుంటారని, పొట్టి బ్యారెళ్ల మీద కూడా నిబంధన పెట్టారు. చివరికి పిస్టళ్లను బిల్లులోంచి తీసేశారు, పొట్టి బ్యారెళ్ల నిబంధన మాత్రం మిగిలిపోయింది.

మరి 14 అంగుళాల షాక్‌వేవ్‌ను మామూలుగా ఎలా అమ్ముతున్నారు? చట్టం దృష్టిలో 'షాట్‌గన్' అంటే భుజానికి ఆనించి కాల్చేందుకు తయారైనది. షాక్‌వేవ్‌కు ఫ్యాక్టరీ నుంచే మడమ లేదు, కాబట్టి అది 'షాట్‌గన్' కాదు. మొత్తం పొడవు 26 అంగుళాలు దాటింది కాబట్టి ఒంటి మీద దాచుకునే ఆయుధాల కోవలోకీ రాదు. ఇక మిగిలిందల్లా ఉత్త 'ఫైర్‌ఆర్మ్'. అంటే ఆ పొడవు ఇంటి అవసరాన్ని బట్టి పెట్టింది కాదు, చట్టంలోని కొలతలను బట్టి కుదిర్చింది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

ఈ వర్గీకరణ వల్ల కొన్ని చిక్కులున్నాయి. మామూలు షాట్‌గన్‌ను 18 ఏళ్ల వారికి డీలర్ అమ్మడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. దీనికి మాత్రం 21 నిండాలి. మామూలు షాట్‌గన్ పక్క రాష్ట్రం డీలర్ దగ్గర కూడా కొనొచ్చు, ఇది మాత్రం సొంత రాష్ట్రంలోనే తీసుకోవాలి. ముందుగా రిజిస్టర్ చేయించకుండా ఆన్‌లైన్‌లో దొరికే మడమ తెచ్చి దీనికి తగిలిస్తే అది పొట్టి బ్యారెల్ షాట్‌గన్ అయిపోతుంది. ఆ నేరానికి 10 ఏళ్ల వరకు జైలు. 2026 జనవరి నుంచి ఈ రిజిస్ట్రేషన్ మీద ఉన్న 200 డాలర్ల పన్ను సున్నా అయింది గానీ, రిజిస్ట్రేషన్ అలాగే ఉంది. "పన్ను పోయింది, ఇక ఏం చేసినా పర్లేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఎందుకు ఆకర్షిస్తుంది?

ఆకర్షణ అబద్ధం కాదు. 18 అంగుళాల బ్యారెల్, పూర్తి మడమ ఉన్న మామూలు ఇంటి షాట్‌గన్ కన్నా ఇది ఒక అడుగు పొట్టి. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో, మెట్ల మలుపులో తిప్పడం తేలిక. చిన్న సేఫ్‌లో పడుతుంది. ధర కూడా పెద్దగా ఉండదు. షాక్‌వేవ్ మొదట వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన ధర 450 డాలర్ల చుట్టుపక్కలే. పట్టు మీద చేయి జారి బ్యారెల్ ముందుకు వెళ్లకుండా పట్టీ కూడా ఇచ్చారు. సినిమాల ప్రభావం సరేసరి.

చేతిలోకి వచ్చాక ఏమవుతుంది?

మొదటి ఇబ్బంది గురి. మడమ భుజానికి, చెంప మడమకు ఆనినప్పుడే కన్ను బ్యారెల్ వరసలోకి వస్తుంది. ఇందులో ఆ ఆధారమే లేదు. తుంటి దగ్గర పెట్టి కాలిస్తే గుళ్లు ఎక్కడికి పోతాయో అనుభవం ఉన్నవాళ్లకే అంచనా అందదు. ముఖం ముందు పెట్టి కాలిస్తే తుపాకీ వెనక్కి తన్ని మూతి పగిలే ప్రమాదం ఉంది. 12 గేజ్ తూటా దెబ్బను 5 పౌండ్ల తుపాకీ మణికట్టు మీదికి తెస్తుంది. ఏడు పౌండ్ల మామూలు షాట్‌గన్ అదే దెబ్బను భుజం మీద సర్దేస్తుంది. మొదటిసారి కాల్చినవాళ్లలో చాలామంది రెండో తూటాకు పట్టును పూర్తిగా వెనక్కి లాగరు. అప్పుడు తుపాకీ ఇరుక్కుపోతుంది.

రెండోది, "షాట్‌గన్‌కు గురి అక్కర్లేదు" అన్న అపోహ. గుళ్లు చెల్లాచెదురై గది అంతా పరుచుకోవడం సినిమాలోనే. బెడ్‌రూమ్ తలుపు నుంచి హాలు చివరికి ఉండే దూరంలో, అంటే ఐదారు గజాల్లో, బక్‌షాట్ గుళ్లు పిడికిలి నుంచి అరచేయి మేర మాత్రమే విచ్చుకుంటాయి. బ్యారెల్ పొట్టిదైనంత మాత్రాన గుళ్లు మరీ వెడల్పుగా పోవు. వాటి వ్యాప్తిని నిర్ణయించేది ముఖ్యంగా బ్యారెల్ మూతి దగ్గరి బిగింపు, తూటా రకం. కాబట్టి గురి తప్పితే మొత్తం గుత్తి తప్పుతుంది.

మూడోది గోడలు. ఇక్కడి ఇళ్లలో లోపలి గోడలు డ్రైవాల్. డబుల్ ఆట్ బక్‌షాట్‌లో సాధారణంగా 8 లేదా 9 సీసపు గుళ్లుంటాయి. మూడింట ఒక వంతు అంగుళం లావున్న ఆ గుళ్లు రెండు పలకల డ్రైవాల్‌ను సులువుగా దాటేస్తాయి. గోడకు అవతల పిల్లల మంచమో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల గదో ఉండొచ్చు. గురి కుదరని తుపాకీకి ఇది తోడైతే పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి.

నాలుగోది శబ్దం. గదిలో 12 గేజ్ పేలుడు 150 డెసిబెళ్లు దాటుతుంది. వినికిడికి శాశ్వత నష్టం జరగొచ్చు. బ్యారెల్ పొట్టిదైన కొద్దీ మంట, మోత మొహానికి దగ్గరవుతాయి.

రేంజ్‌లో గంటలకొద్దీ సాధన చేసినవాళ్లకు ఇది సరదా తుపాకీ. ఇంటి కోసం షాట్‌గనే కావాలనుకునే కొత్తవాళ్లకు శిక్షకులు ఎక్కువగా చెప్పేది 18 అంగుళాల బ్యారెల్, పూర్తి మడమ ఉన్నదే. శరీరం చిన్నదైతే 20 గేజ్. ఒక అడుగు పొడవు తగ్గించుకోవడానికి గురి, అదుపు వదులుకోవడం ఇంట్లో లాభసాటి బేరం కాదు.

మన కుటుంబాలకు అసలు ప్రశ్న: వీసా

ఏ మోడల్ కొనాలి అని అడిగే ముందు ఇంట్లో ఎవరి స్టేటస్ ఏమిటో చూసుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదు. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4, బీ-2 అన్నీ ఇందులోకే వస్తాయి. ఒక ముఖ్యమైన మినహాయింపు, అమెరికాలో జారీ అయి చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. దాని గడువు తీరిన మర్నాడు ఇంట్లో తుపాకీ, తూటాల పెట్టె ఉంటే చాలు, అది నేరమే. ఈ నేరానికి ఇప్పుడు 15 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు.

సొంతంగా కొనడం ఒక్కటే లెక్కలోకి రాదు. గ్యాస్ స్టేషన్‌లోనో, స్టోర్‌లోనో కౌంటర్ దగ్గర పనిచేసే మన విద్యార్థులకు ఓనర్ "కింద షాట్‌గన్ ఉంది, అవసరమైతే తీసుకో" అని చెప్పడం మామూలే. ఎఫ్-1 మీద ఉన్న బాబు దాన్ని చేతిలోకి తీసుకుంటే చట్టం అతని దగ్గరే ఉన్నట్టు చూడొచ్చు. ఇంట్లో భర్తకు గ్రీన్ కార్డ్, భార్యకు ఇంకా హెచ్-4 అయితే సేఫ్ నంబర్ ఎవరికి తెలుసు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఇలాంటి ఇళ్లలో ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి, ఆ తర్వాతే షాపు. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫారం 4473లో ఈ ప్రశ్నలన్నీ ఉంటాయి. అబద్ధం రాస్తే అదే వేరే నేరం.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు కొనొచ్చు. కానీ తుపాకీ చట్టాలకు సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం కావచ్చు. పౌరుడికి జైలు, జరిమానాతో పోయేది గ్రీన్ కార్డ్ ఉన్న మనిషికి ఇరవై ఏళ్లుగా కట్టుకున్న జీవితాన్నే పోగొట్టొచ్చు. షాక్‌వేవ్ లాంటి పొట్టి తుపాకీతో ఆ ప్రమాదం ఎక్కువ. ఒక మడమ తగిలించినా, గొట్టం కాస్త కోసినా, కోటు కింద దాచి తిరిగినా అది మరో కోవలోకి జారిపోతుంది.

రాష్ట్రాల తేడా కూడా చూడాలి. టెక్సాస్‌లో మొదట రాష్ట్ర చట్టం అడ్డొచ్చింది, 2017 సెప్టెంబరు నుంచి ఆ అడ్డు తొలగింది. కాలిఫోర్నియాలో షాట్‌గన్ తూటా పేల్చే తుపాకీ దేనికైనా 18 అంగుళాల కన్నా తక్కువ బ్యారెల్ ఉంటే నిషేధమే. దానికి మడమ ఉందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. డాలస్‌లో చట్టబద్ధంగా కొన్నది, బే ఏరియాలో ఉద్యోగం వచ్చిందని సామానుతో పాటు ట్రక్కులో వేసుకుని వెళ్తే సరిహద్దు దాటగానే నేరమవుతుంది. ఉద్యోగాల కోసం రాష్ట్రాలు మారడం మన ఇళ్లలో మామూలే కదా. ఇక ఇండియా మాట ఎత్తక్కర్లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అక్కడ లైసెన్స్ లేనిదే తుపాకీ కలిగి ఉండకూడదు, గొట్టం పొట్టి చేయడానికి కూడా ప్రత్యేక లైసెన్స్ ఉండాల్సిందే.

తీసుకునేవాళ్లు, తీసుకోనివాళ్లు

స్టేటస్, రాష్ట్రం రెండూ అనుకూలించి, తుపాకీ కావాలనే నిర్ణయించుకుంటే ముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చి చూడండి. పొట్టిదీ, పూర్తి మడమ ఉన్నదీ రెండూ. ఐదేసి తూటాలు కాల్చి కాగితం మీద పడ్డ గుళ్లు చూస్తే యూట్యూబ్ వీడియోలు చెప్పలేనిది తెలుస్తుంది. శిక్షకుడి దగ్గర ఒక తరగతి చేయండి. సేఫ్ కొన్నాకే తుపాకీ ఇంటికి రావాలి. తాళం లేని అల్మరాలో, మంచం కింద, పరుపు కింద పెట్టొద్దు. పిల్లలు మనం అనుకున్న దానికన్నా ముందే అన్నీ వెతికి పట్టుకుంటారు.

కొననివాళ్లకు కూడా ఒక పని ఉంది. పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళంలో ఉందా అని అడగండి. "ఏమనుకుంటారో" అని మొహమాటపడొద్దు. ఈ దేశంలో అది తల్లిదండ్రులు అడిగే మామూలు ప్రశ్నే.

ఇక బంగారం సంగతి. ఇంట్లో ఉన్నంత కాలం ఏ తుపాకీ అయినా మనం ఊళ్లో లేనప్పుడు దాన్ని కాపాడదు. పైగా దొంగ ఆ తుపాకీని కూడా పట్టుకుపోతాడు. బ్యాంకు లాకర్, ముందు గుమ్మానికి గట్టి తలుపు ఫ్రేము, ఎవరైనా లోపలికి వస్తే కుటుంబమంతా ఏ గదిలోకి చేరి తాళం వేసుకుని 911కు ఫోన్ చేయాలో ముందే అనుకోవడం, వీటికి ఏ వీసా అక్కర్లేదు. ఈ వారాంతం ఆ మూడింటిలో ఒకటైనా మొదలుపెట్టండి.