నీటి పరిశోధనలో తొలి కొలువు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద ఎవరిని కదిపినా 'డీవో ఎంతుంది?' అన్న మాట వస్తుంది. డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, తెల్లవారుజామున అడుగంటుతుందనీ, ఆ వేళ ఏరేటర్లు ఆగితే పంట పోతుందనీ బడికి పోని రైతు కూడా చెబుతాడు. అక్కడ జువాలజీ, ఫిషరీస్ చదివిన పిల్లలకు తొలి ఉద్యోగం దొరికేది కూడా ఈ చెరువుల చుట్టూనే. ఆక్వా ల్యాబ్‌లో నీటి పరీక్షలు, హేచరీలో పని, మేత కంపెనీలో టెక్నీషియన్. ఇదే చదువుతో, ఇంచుమించు ఇవే పరికరాలతో ఇంకో దారి ఉందన్న సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు. అది జలావరణ పరిశోధన.

రెంటికీ తేడా అడిగే ప్రశ్నలో ఉంది. చెరువులో ఆక్సిజన్ కొలిచేది రొయ్యను బతికించుకోవడానికి. కొల్లేరు సరస్సులో అదే ఆక్సిజన్ కొలిచే మనిషికి కావలసింది వేరు. బుడమేరు, తమ్మిలేరు ఏం మోసుకొస్తున్నాయి? చుట్టూ ఉన్న చెరువుల నుంచి వదిలిన నీటితో నాచు ఎంత పెరిగింది? ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎంత పైకి ఎగదన్నింది? వీటివల్ల ఏ చేప తగ్గింది, ఆటపాక పక్షి కేంద్రంలో గూడబాతులు తినేది ఇప్పుడు దేన్ని? కొల్లేరు 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత నీరు బాగుపడిందా అన్నదానికి ఉపన్యాసం సరిపోదు. నెల నెలా అవే చోట్లకు వెళ్లి నీళ్లు ముంచుకొచ్చేవాళ్లు కావాలి. అలా వెళ్లేది ఎక్కువగా పాతికేళ్ల అటూఇటూ వయసున్న జేఆర్‌ఎఫ్‌లు (జూనియర్ రీసెర్చ్ ఫెలోలు), ప్రాజెక్టు అసిస్టెంట్లే.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రకటనల్లో అది ఉండదు. పొద్దున్నే పడవెక్కుతారు. 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు బిళ్లను తాడుకు కట్టి నీటిలోకి దించి, కనుమరుగైన లోతు రాసుకుంటారు. 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ అనే మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి ఇది. నీటి తేటదనాన్ని ఇంత చవకగా చెప్పే పరికరం మరొకటి రాలేదు. తర్వాత గాలి బుడగ చొరబడకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షార అయోడైడు కలుపుతారు. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. ల్యాబ్‌లో ఆమ్లం పోసి, పిండి ద్రావణం నీలం పోయేదాకా థయోసల్ఫేటు చుక్కలుగా వదిలి లెక్క కడతారు. ఇది 1888 నాటి వింక్లర్ పద్ధతి. ఇప్పుడు ప్రోబ్ ముంచితే అంకె కనిపిస్తుంది కదా అంటారేమో. ఆ ప్రోబ్ నిజం చెబుతోందో లేదో తేల్చడానికి ఇప్పటికీ వింక్లరే సాక్షి.

పడవ దిగాక అసలు పని మొదలవుతుంది. నీటిని గాజునార ఫిల్టరు మీద వడగట్టి, ఎసిటోన్‌లో నానబెట్టి పత్రహరితం కొలవాలి. లూగాల్ అయోడిన్ వేసి ఉంచిన నమూనాలో ఒక మిల్లీలీటరును గళ్ల పలక మీదికి తీసుకుని, సూక్ష్మదర్శిని కింద వృక్ష ప్లవకాలను ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ లెక్కపెట్టాలి. ఒక్కో నమూనాకు గంటలు పడుతుంది. పడవ మీద ఫొటోలు చూసి వచ్చినవాళ్లు వెనక్కి తిరిగేది సరిగ్గా ఇక్కడే. నన్నడిగితే, ఈ కుర్చీలో కూర్చోగలనా అని ముందే తేల్చుకున్నవాళ్లకే ఈ దారి. అలా కూర్చుని జాతులను గుర్తుపట్టడం నేర్చినవాళ్లకు మాత్రం గిరాకీ తగ్గదు. ఆ విద్య తెలిసినవాళ్లు దేశంలో తక్కువ.

ఇక కొలువుల పేర్లు. 'జేఆర్‌ఎఫ్' అన్న ఒకే పేరుతో రెండు వేరువేరు సంగతులు నడుస్తుంటాయి, తికమక అక్కడే. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే ఆ ఫెలోషిప్ మీది. దాన్ని పట్టుకుని గైడ్‌ను మీరే వెతుక్కోవచ్చు. ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్ అలా కాదు. ఒక శాస్త్రవేత్తకు మంజూరైన ప్రాజెక్టులో అదొక తాత్కాలిక పోస్టు. ప్రాజెక్టు ముగిసిన రోజున పోస్టూ ముగుస్తుంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000, పైన ఇంటద్దె భత్యం. నెట్, గేట్ లేనివాళ్లను ప్రాజెక్టు అసోసియేట్, ఫీల్డ్ అసిస్టెంట్ వంటి పేర్లతో తీసుకుంటారు, జీతం తక్కువ. వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) సంస్థల్లో ఇలాంటి పోస్టునే 'యంగ్ ప్రొఫెషనల్' అంటారు. డబ్బు సమయానికి పడుతుందా అన్నది వేరే ప్రశ్న. నిధుల విడుదల ఆలస్యమైతే నెలలు గడిచిపోతాయి, చేతిలో కొంత ఉంచుకునే చేరాలి.

దూరం పోనక్కర్లేదు. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. గోదావరి వరదనీరు సముద్రంలో కలిసేచోట ఏం జరుగుతుందో ఏళ్ల తరబడి చూస్తున్నది వీళ్లే. విశాఖలోనే సీఎంఎఫ్ఆర్ఐ, కాకినాడలో సీఐఎఫ్ఈ, విజయవాడ దగ్గర సీఐఎఫ్ఏ అనే చేపల పరిశోధన సంస్థల కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లో మంచినీటి జీవుల మీద జువలాజికల్ సర్వే కేంద్రం ఉంది, సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. ఇన్‌కాయిస్‌ను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, అక్కడి పనిలో చాలా భాగం ఉపగ్రహాల సమాచారంతో. పడవ ఎక్కితే కడుపులో తిప్పే కంప్యూటర్ సైన్స్ పిల్లలకు కూడా అక్కడ చోటుంది. పక్క రాష్ట్రానికి వెళ్లగలిగితే చిలికా సరస్సు ఒడ్డున బాలుగావ్‌లో చిత్తడి నేలల పరిశోధన కేంద్రం చూడదగ్గది. 2000లో చిలికాకు సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వి, సరస్సును తేరుకునేలా చేసిన ఉదాహరణ ఆ ఒడ్డునే ఉంది.

డిగ్రీలో ఉన్నవాళ్లు నోటిఫికేషన్ కోసం కాచుకు కూర్చోవద్దు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు. చేరాలనుకున్న శాస్త్రవేత్తకు ఉత్తరం రాసేటప్పుడు 'గౌరవనీయులైన సార్, మీ దగ్గర ఖాళీ ఉందా' అని వందమందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ జవాబివ్వరు. ఆయన రాసిన ఒక్క పేపర్ చదివి, అందులో అర్థం కానిదొకటి అడిగితే ఇస్తారు. 'ఆర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గణాంకాలు చేయడం వస్తే ఇంకా మంచిది. నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో జీవావరణానికి ఒక యూనిట్ పూర్తిగా ఉంది, గేట్‌లో 'ఎకాలజీ అండ్ ఎవల్యూషన్' అని ప్రత్యేక పేపరే ఉంది.

విదేశాల సంగతి రెండు మాటల్లో. మనవాళ్లు అమెరికా ఎంఎస్ అనగానే బ్యాంకు అప్పు గురించి ఆలోచిస్తారు. జీవావరణ శాస్త్రంలో పద్ధతి వేరు: ముందు ప్రొఫెసర్ ఒప్పుకోవాలి, ఆయన ప్రాజెక్టు నుంచో, పాఠాలు చెప్పే అసిస్టెంట్‌షిప్ నుంచో ఫీజు మాఫీ, జీతం వస్తాయి. అవి రాకపోతే అప్పు చేసి వెళ్లవద్దనే నా సలహా. జర్మనీ, స్వీడన్‌లలో పీహెచ్‌డీని చాలావరకు జీతమిచ్చే ఉద్యోగంగానే చూస్తారు. అమెరికాలో వేసవి పరిశోధనకు పేరున్న ఆర్‌ఈయూ పథకం ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే. గుంటూరు విద్యార్థికి కుదరదు గానీ, టెక్సస్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలకు కుదురుతుంది.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు బోర్డు అడిగేవాటికి సిద్ధపడినట్టే మీరు అడిగేవాటికీ సిద్ధపడండి. ప్రాజెక్టులో ఇంకా ఎంతకాలం మిగిలి ఉంది? ఈ పోస్టు మీద పీహెచ్‌డీకి నమోదు చేసుకోనిస్తారా, లేక సొంత ఫెలోషిప్ ఉంటేనేనా? ఫీల్డు ఖర్చులు ముందు ఇస్తారా, తర్వాతా? పడవలో లైఫ్ జాకెట్ ఉంటుందా? ఆడపిల్లలు ఫీల్డు దగ్గర బస, బాత్రూమ్ గురించి మొహమాటం లేకుండా అడగాలి. వాళ్లు జవాబు చెప్పలేకపోతే ఆ ల్యాబ్ ఎలాంటిదో తెలిసిపోయినట్టే. సేకరించిన లెక్కల మీద పేపర్ రాస్తే మీ పేరుంటుందా అన్నది కూడా అప్పుడే అడిగేయండి. ఇవన్నీ సార్‌నే అడగడం కష్టమనిపిస్తే, ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లేముందు ల్యాబ్‌లో పనిచేస్తున్న సీనియర్‌ను టీకి పిలవండి. ఇంతకు ముందు ఈ పోస్టులో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో ముందుగా ఆమెనో అతణ్నో అడగండి.